కత్తిపీట ముందు కూర్చున్న ఆవిడ క్యాలెండర్ బొమ్మలా ఎందుకొస్తోంది?

అంబర్_అంచు
30×40 అంగుళాల కాన్వాస్, నూనె రంగులు. యాభై దాటిన ఆవిడ కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు కోస్తోంది. ఒక మోకాలు పైకి లేచి ఉంది, రెండో పాదం చెక్కను తొక్కి పట్టింది. బాగా ఉతికి మెత్తబడిన నూలు చీర, చేతికి రెండేసి గాజులు, వెనక ముడి. నాలుగు సిట్టింగులు అయ్యాయి. మధ్య రోజుల్లో ఫోన్‌తో తీసుకున్న ఫోటోలు చూసి పనిచేశాను.

మొహం ఎన్నిసార్లు గీకేసి మళ్లీ వేసినా పాతికేళ్ల క్యాలెండర్ లక్ష్మీదేవిలాగే వస్తోంది. ఒంటి రంగు సున్నం పూసినట్టుంది. చీర రేకు వంచి కప్పినట్టుంది. ఇవి పైకి కనిపించే లోపాలు. వీటికంటే బాధపెట్టేది ఏంటంటే, చూసినవాళ్లందరూ "అందంగా ఉంది" అని వెళ్లిపోతున్నారు. నాకు అందం వద్దు. ఆ ఒళ్లు ఎన్ని వేల సార్లు అలా కూర్చుందో కనపడాలి.

పాలెట్: టైటానియం వైట్, ఎల్లో ఓకర్, కాడ్మియం రెడ్ లైట్, అలిజరిన్ క్రిమ్సన్, బర్న్ట్ సియెన్నా, అల్ట్రామెరైన్, ఐవరీ బ్లాక్. కాన్వాస్‌కి గెసో (రంగు పట్టడానికి ముందు వేసే తెల్ల పూత) మూడు పూతలు, తెల్లగానే మొదలుపెట్టాను.

బొగ్గుకట్టె
ఫోటో ఎంత దూరం నుంచి? నిలబడి తీశారా, కూర్చుని తీశారా?

అంబర్_అంచు
నాలుగడుగుల దూరం. నిలబడే తీశాను. ఈజల్ దగ్గర కూడా నిలబడే వేస్తున్నాను.

బొగ్గుకట్టె
సగం జబ్బు అక్కడే ఉంది. నేల మీద కూర్చున్న మనిషిని నిలబడి చూస్తే పైనుంచి చూసినట్టే. నడినెత్తి, నుదురు పెద్దవవుతాయి. కళ్లు మొహంలో కిందికి జారతాయి, దవడ, గడ్డం కుంచించుకుపోతాయి. ఇవన్నీ చిన్నపిల్లల మొహం లెక్కలే. మీరు ముడతలు ఎన్ని వేసినా, కింద ఉన్న లెక్క పసిమొహానిదైతే ఆవిడ వయసు పెరగదు.

దానికి తోడు ఫోన్ మామూలు లెన్సు బాగా వెడల్పు కోణంది. నాలుగడుగుల్లో మోకాలు లెన్సుకి దగ్గరగా, తల దూరంగా ఉంటాయి కాబట్టి మోకాలు గుమ్మడికాయంత అవుతుంది, నడుం మాయమవుతుంది. మీరు కొలిచి వేసినా తప్పే కొలుస్తారు.

మీరు కూడా ముక్కాలిపీట మీద కూర్చోండి, లేదా ఆవిడని అడుగున్నర ఎత్తు అరుగు మీద కూర్చోబెట్టండి. మీ కళ్లు ఆవిడ రొమ్ము ఎత్తుకో భుజం ఎత్తుకో రావాలి. దూరం పదడుగులు. ఫోటో తీస్తే రెండింతలో మూడింతలో జూమ్ పెట్టి, లెన్సు కూడా అదే ఎత్తులో పట్టి తీయండి. ఫోటోని చీర అంచు డిజైను చూసుకోవడానికి వాడండి, ఒంటి కొలతలకి వద్దు.

సిద్దిపేట_చింతచెట్టు
బొగ్గుకట్టె చెప్పిన ముచ్చట కొలతల వరకే కాదు. కింద కూసున్న ఆడమనిషిని నిలబడి చూసుడంటే ఆమె మీద మనం పెత్తనం జేసినట్టే బొమ్మల పడ్తది. నువ్వు కూసుంటే ఆమె పని ఆమె చేసుకుంటున్నట్టు అగుపిస్తది. ముందుగాల నీ కన్ను ఎక్కడ పెట్టినవో జూస్కో, తర్వాత రంగు సంగతి.

లిన్‌సీడ్_సీసా
ఒంటి రంగు విషయానికొస్తే, తెల్ల గెసో మీద మొదలుపెట్టడమే మొదటి తప్పు. తెల్లటి అడుగు పూత మీద చామనఛాయ ఎప్పుడూ మరీ నల్లగా కనిపిస్తుంది. కన్ను భయపడి తెలుపు కలుపుతుంది. కాన్వాస్ నిండేసరికి పక్కన తెలుపు ఉండదు, సున్నం మాత్రం మిగులుతుంది.

తర్వాతి కాన్వాస్‌కి రా అంబర్‌లో (మట్టి గోధుమ రంగు) చిటికెడు అల్ట్రామెరైన్ కలిపి, టర్పెంటైన్‌తో పల్చన చేసి గుడ్డతో రుద్దేయండి. నలుపు 1, తెలుపు 10 అనుకుంటే ఆ అడుగు పూత 5 దగ్గర ఉండాలి. ఈ కాన్వాస్‌కైతే ముందు వెనక గోడ, నేల పూర్తిచేసి తెలుపు అనేది కనపడకుండా చేయండి. అప్పుడు ఒంటిని మళ్లీ చూడండి.

దక్షిణాది గోధుమ రంగు ఒంటికి నా లెక్క:
నీడ: బర్న్ట్ సియెన్నా + అల్ట్రామెరైన్ + రవ్వంత అలిజరిన్. తెలుపు అసలు వద్దు.
నడిమి రంగు: బర్న్ట్ సియెన్నా రెండు పాళ్లు, ఎల్లో ఓకర్ ఒక పాలు, అల్ట్రామెరైన్ చిటికెడు. ఒంట్లో సగానికి పైగా ఇదే.
వెలుగు: దానికే ఓకర్, కాడ్మియం రెడ్ కొంచెం. ఇంకా లేతగా కావాలంటే తెలుపు బదులు నేపుల్స్ ఎల్లో.
మెరుపు: నుదుటి మీద, ముక్కు దూలం మీద, భుజం ఎముక మీద మాత్రమే. కిటికీ వెలుగైతే ఇది నీలంగా ఉంటుంది, కాబట్టి తెలుపు + అల్ట్రామెరైన్ + చిటికెడు సియెన్నా. చిన్నగా, అంచు పదునుగా.

లేత ఒంటి మీద మెరుపు వెడల్పుగా కరిగిపోయి ఉంటుంది. ముదురు ఒంటి మీద చిన్నగా, గట్టిగా ఉంటుంది. పాశ్చాత్య పుస్తకాలు చూసి నేర్చుకున్నవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. వెలుగు భాగమంతటికీ తెలుపు కలిపేస్తారు. ఆవిడ ఒంట్లో అతి లేత భాగం 5 లేక 6 దాటకూడదు, మెరుపు 7 చాలు. కంటి తెల్లగుడ్డు కూడా తెలుపు కాదు, బూడిద రంగు.

నీలాటిరేవు
లిన్‌సీడ్_సీసా గారి లెక్కకి ఒకటి కలుపుతాను. ఒళ్లంతా ఒకే రంగు కాదు. అరచేతులు, అరికాళ్లు లేతగా గులాబీ ఛాయలో ఉంటాయి. మోచేతి ముడి, వేళ్ల కణుపులు, మెడ ముడతలు, చంకల దగ్గర ఇంకా ముదురు. పెదవులు ఊదా కలిసిన గోధుమ. కంటి కింద కూడా అదే ఊదా. జాకెట్టు చేతి అంచు దాటగానే ఎండ తగిలిన చెయ్యి రెండు మెట్లు ముదురు. యాభై ఏళ్ల ఆవిడ వయసు ముడతల్లో కంటే ఈ రంగుల తేడాలోనే ఎక్కువ తెలుస్తుంది. ముడతలు గీతలుగా గీశారంటే నాటకంలో వేసే ముసలి మేకప్ అవుతుంది.

బొగ్గుకట్టె
"తెలుపు అసలు వద్దు" అన్న మాట కొంచెం గట్టిగా అన్నారు. నీడలో కూడా నేల నుంచి ఎగిరే వెలుగు ఉంటుంది. దవడ కింద, ముంజేతి అడుగున అది కనపడాలంటే తెలుపు చుక్క కావాలి.

లిన్‌సీడ్_సీసా
కావాలంటే వేయండి, కానీ ఆ ఎగిరే వెలుగు ఏ వెలుగు భాగం కంటే కూడా ముదురుగానే ఉండాలి. కళ్లు సగం మూసి చూడండి. నీడంతా ఒకే ముద్దగా కలిసిపోతే సరే. విడిగా మెరిస్తే తగ్గించండి.

కుప్పపడవ
ఐవరీ బ్లాక్ పక్కన పెట్టేయండి. ఒంటి నీడలో నలుపు కలిపితే ఆకుపచ్చ ఛాయలో, చచ్చినట్టు అవుతుంది. అలిజరిన్ కూడా పాతరకం అయితే వెలుగుకి వెలిసిపోతుంది. ట్యూబు మీద పి.ఆర్. 83 అని (రంగుపొడి కోడు) ఉంటే పాతది. "పర్మనెంట్ అలిజరిన్" పేరుతో క్వినాక్రిడోన్ రకం దొరుకుతుంది, అది తీసుకోండి.

అంబర్_అంచు
ట్యూబు చూశాను, 83 అనే ఉంది. ఇప్పటికే ఆరిపోయిన సున్నపు ఒంటిని ఎలా కాపాడాలి? మొత్తం గీకేయాలా?

లిన్‌సీడ్_సీసా
గీకొద్దు. పైపొర ముట్టుకుంటే అంటుకోకుండా ఆరిందా చూసుకోండి. లిన్‌సీడ్ నూనె చాలా పల్చగా రుద్ది, మిగిలింది గుడ్డతో తుడిచేయండి. ఆరి మందకొడిగా అయిన రంగులు మళ్లీ నిజం చెబుతాయి. తర్వాత ట్రాన్స్‌పరెంట్ రెడ్ ఆక్సైడ్ గానీ బర్న్ట్ సియెన్నా గానీ పల్చగా గ్లేజ్ చేసి (కింది రంగు కనిపించేలా పూసి), తడిగా ఉండగానే వెలుగు రంగులు దాంట్లోకి వేయండి.

నీలాటిరేవు
ఒళ్లంతా గ్లేజ్ పరిచేస్తే టీ డికాషన్ పోసినట్టుంటుంది, అది నేను ఒప్పుకోను. నీడ వైపుకి, నడిమి రంగుకి మాత్రమే పట్టించండి. వెలుగు వైపు మళ్లీ మందంగా రంగు వేయాల్సిందే.

లిన్‌సీడ్_సీసా
అది నిజమే. నీడ పల్చగా, వెలుగు మందంగా. నేను విడిగా చెప్పాల్సింది.

గంజిపెట్టిన_నూలు
చీర సంగతి ఎవరూ ఎత్తలేదు. రేకులా రావడానికి నాకు మూడు కారణాలు కనిపిస్తున్నాయి. ప్రతి ముడతకీ ఒకే నలుపు-తెలుపు-నలుపు ఇవ్వడం ఒకటి. అన్ని అంచులూ పదునుగా ఉండటం రెండోది. నూలుకి పట్టు మెరుపు పెట్టడం మూడోది. ఉతికిన నూలు మెరవదు. దాని వెలుగు మందంగా, వెడల్పుగా ఉంటుంది, ముడత లోతులో రంగు నల్లబడే బదులు ఇంకా చిక్కబడుతుంది. ఎర్ర చీరైతే లోతులో నలుపు కాదు, మరింత ఎరుపు.

ముందు బట్టను ఎవరు లాగుతున్నారో చూడండి. కూర్చున్న ఆవిడ చీరని లాగేవి నాలుగైదు చోట్లే: భుజం మీద పైట, బొడ్లో దోపిన చోటు, లేచిన మోకాలు, మడిచిన తొడ కింద నలిగిన బట్ట. లేచిన మోకాలి మీద బట్ట బిగిసి నున్నగా ఉంటుంది, అక్కడ ముడత వేస్తే అబద్ధం. మోకాలి నుంచి నడుం వైపు గీతలు చుక్క దగ్గర మొదలై విసనకర్రలా విచ్చుకుంటాయి. రెండు కాళ్ల మధ్య బట్ట ఉయ్యాలలా జారుతుంది. కుచ్చిళ్లు కాళ్ల మధ్యకి నెట్టుకుపోయి నేల మీద పరుచుకుంటాయి.

ఇంకో మాట. వంటింట్లో కత్తిపీట ముందు ఎవరూ పైట జారవిడిచి కూర్చోరు. కొంగు చుట్టి నడుంలో దోపుతారు, కుచ్చిళ్లు కొంచెం పైకి ఎత్తి పెట్టుకుంటారు, పిక్క కనిపిస్తుంది. మీ బొమ్మలో పైట ఎలా ఉంది?

అంబర్_అంచు
భుజం మీంచి జారి నేల మీద పడింది. కంపోజిషన్‌కి ఆ గీత బాగుందని అలా సర్దాను.

గంజిపెట్టిన_నూలు
క్యాలెండర్ అక్కడే మొదలైంది. ఆ జారిన పైట చూసేవాళ్ల కోసం, ఆవిడ పని కోసం కాదు. దోపిన కొంగుకి కూడా గీత ఉంటుంది. భుజం నుంచి వీపు మీదుగా నడుం చుట్టూ తిరిగి ఒంటి గుండ్రాన్ని చెప్పేస్తుంది. దాన్ని వాడుకోండి.

సిద్దిపేట_చింతచెట్టు
మస్తు చెప్పినవ్ అక్కా. అంచు గురించి గూడ చెప్పు, అందరు అక్కడ్నే పొరపాటు చేస్తరు.

గంజిపెట్టిన_నూలు
అంచు ముందే గీసి తర్వాత ముడతలు వేస్తే అది రైలు పట్టాలా ఉంటుంది. ముందు చీరంతా రెండే టోన్లలో (వెలుగు, నీడ మెట్లలో) పెట్టండి, తర్వాత మూడు పెద్ద ముడతలు, ఆఖరున అంచు. ముడతలోకి వెళ్లి కనపడకుండా పోయి, అవతల ఇంకో కోణంలో బయటికి రావాలి. చదును కుంచెతో ఒకే ఊపులో వేసి, ముడత దగ్గర కుంచె ఎత్తేయండి. నారాయణపేట గళ్ల చీర దొరికితే అది కట్టుకోమని అడగండి. గడి తొడ మీద ఎక్కడ వంకర తిరిగిందో చూస్తే చాలు, నీడ వేయకుండానే గుండ్రం వస్తుంది.

లేపాక్షి వీరభద్రుడి గుడి పైకప్పు బొమ్మల్లో దీనికి పూర్తి వ్యతిరేకం కనిపిస్తుంది. 16వ శతాబ్దపు పని. చీరల మీది డిజైన్లు ముడతతో పాటు విరగవు, కాగితం అంటించినట్టు చదునుగా సాగుతాయి, మనిషి మొత్తాన్ని చుట్టుగీతే మోస్తుంది. అదీ ఒక దారే. రెండు దారుల్నీ ఒకే బొమ్మలో కలిపితే మాత్రం చెడుతుంది.

గోడమీది_బల్లి
ఇంతసేపూ లెన్సు, ట్యూబు, అంచు. అడిగింది అది కాదు కదా. "ఎన్ని వేల సార్లు అలా కూర్చుందో" అన్నారు. ఆడతనం ట్యూబులో ఉండదు.

బొగ్గుకట్టె
ట్యూబులో ఉండదు, కానీ కాన్వాస్ మీదికి ట్యూబులోంచే రావాలి.

నీలాటిరేవు
బల్లి గారి ప్రశ్న సరైనదే. నా జవాబు: బరువు. ఆవిడ బరువు ఎక్కడ నేలకి ఆనుతోందో దొరికితే మిగతావి దాని వెంట వస్తాయి.

కత్తిపీట ముందు కూర్చున్నప్పుడు రెండు పిరుదుల మీద సమానంగా బరువు ఉండదు. చెక్క తొక్కిన కాలి వైపు ఒరుగుతుంది. ఆ వైపు తుంటి కిందికి, దాన్ని సరిచేయడానికి భుజాలు ఎదురు వైపుకి వాలతాయి. వీపు కింది భాగం గుండ్రమై, మెడ ముందుకొస్తుంది. కాన్పులైన పొట్ట బెల్టులా బొడ్డు కింద మడత పడి తొడ మీద ఆనుతుంది. రొమ్ములు రెండు గిన్నెలు బోర్లించినట్టు ఉండవు. ముందుకు వంగితే కిందికి, కొంచెం పక్కలకి జారతాయి, జాకెట్టు పైభాగం వదులై, కింది పట్టీ బిగుస్తుంది. ఆ బిగిసిన పట్టీ పైన వీపు వెనక ఒక మడత లేస్తుంది. చాలామంది మర్యాద అనుకుని ఆ మడత తీసేస్తారు. తీసేస్తే ఆవిడ ఉండదు.

నేల తాకే చోట నీడ అతి ముదురుగా, అతి పదునుగా వేయండి. అరంగుళం పైకి రాగానే మెత్తబడాలి. మడిమ చర్మం నొక్కుకుని పక్కకి ఉబ్బుతుంది, కాలి వేళ్లు చెక్కని పట్టుకుని ఉంటాయి. ఈ రెండూ వస్తే మనిషి కూర్చుంటుంది. లేకపోతే గాల్లో తేలుతుంది.

కుప్పపడవ
ఈ విషయంలో అమెరికన్ చిత్రకారిణి అలిస్ నీల్ వేసిన గర్భిణీల బొమ్మలు చూడండి. 1978లో వేసిన మార్గరెట్ ఎవాన్స్ బొమ్మలో ఆవిడ చిన్న కుర్చీలో నిటారుగా కూర్చుని, రెండు చేతులతో కుర్చీని పట్టుకుని ఉంటుంది. పొట్ట బొమ్మ నడిమధ్యలో ఉంటుంది, దాన్ని దాచే ప్రయత్నమే లేదు. బరువంతా ఆ పట్టుకున్న చేతుల్లో తెలుస్తుంది. నీల్ పల్చటి నీలం రంగుతో చుట్టుగీత గీసి, చాలాచోట్ల దాన్ని అలాగే వదిలేస్తుంది.

ఊదారంగు_కిటికీ
చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ పేరు ఇంతవరకు ఎవరూ ఎత్తకపోవడం ఆశ్చర్యంగా ఉంది. 1932లో పారిస్‌లో వేసిన ఇద్దరు యువతుల బొమ్మనీ, 1935లో ఇక్కడికొచ్చాక వేసిన ముగ్గురమ్మాయిల బొమ్మనీ పక్కపక్కన పెట్టుకోండి. మొదటిదాంట్లో బట్ట, ఒళ్లు, కుర్చీ అన్నిటికీ కాలేజీలో నేర్పిన గుండ్రం ఉంటుంది. రెండోదాంట్లో ముగ్గురూ ఏ పనీ చేయరు, ఎవరూ మన వైపు చూడరు, వెనక ఏమీ లేదు. ఒంటికి రెండు మూడు టోన్లే. నీడలు తగ్గించేసరికి వాళ్ల మౌనం పెరిగింది. 1936 చివర్లో అజంతా చూసి, 1937లో దక్షిణాది తిరిగి వచ్చాక వేసిన పెళ్లికూతురి అలంకరణ బొమ్మలో ఈ పద్ధతి ఇంకా గట్టిపడింది.

అంబర్_అంచు గారు మొహంలో ఎన్ని టోన్లు వాడారో లెక్కపెట్టుకోవాలి. ఎనిమిది ఉంటే మూడుకి దించండి. కనురెప్పలు దించండి. ఆవిడ కత్తి వైపు చూస్తోంది కదా, మన వైపు చూసే అవసరమే లేదు. కత్తిపీట దగ్గర కళ్లెత్తితే వేలు తెగుతుంది.

అంబర్_అంచు
కళ్లు పైకెత్తి ఉన్నాయి. సగం నవ్వుతో.

గోడమీది_బల్లి
ఆ సగం నవ్వు తీసేయండి, మీ ప్రశ్నలో సగం తీరిపోతుంది.

సిద్దిపేట_చింతచెట్టు
ఊదారంగు చెప్పినదానికి ఇంకోటి కలుపుత. మన చిత్రకారుడు తోట వైకుంఠం బొమ్మలు జూడు. ఆయనది బూరుగుపల్లి, పుట్టింది 1942ల. ఊర్ల ఆడవేషం కట్టే మొగోళ్లను చిన్నప్పట్నుంచి చూసిండు, తర్వాత బరోడాల కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చిండు. ఆయన బొమ్మల ఒళ్లు నల్లగ, చదునుగ ఉంటది. పెద్ద బొట్టు, ముక్కుపుడక, ఎర్ర చీర. నీడ దాదాపు ఉండది. అయినా ఆమె తెలంగాణ ఆడామె అని దూరంకెల్లి తెలుస్తది. రంగుల్ని కలిపి బూడిద చేయకుండ పక్కపక్కకు పెట్టుడే ఆడ కిటుకు. నలుపు ఒళ్లు పక్కన పసుపు పెడితే రెండు గూడ వెలుగుతయి.

నీలాటిరేవు
వైకుంఠం గారి బొమ్మలు నాకూ ఇష్టమే, కానీ ఈ ప్రశ్నకి అవి జవాబు కావు. ఆయన ఆవిడలు ఒక రకానికి చెందినవాళ్లు, గుర్తుల్లాంటివాళ్లు. అంబర్_అంచు గారు ఒక మనిషిని వేస్తున్నారు. గుర్తు కావాలంటే చదును చేయాలి, మనిషి కావాలంటే ఆ వీపు మడత కావాలి.

సిద్దిపేట_చింతచెట్టు
చదును జేస్తే మనిషి పోతదని ఎవరన్నరు? షేర్‌గిల్ గూడ చదును జేసింది కదా.

నీలాటిరేవు
చేసింది, కానీ ముగ్గురి మొహాలూ మూడు మొహాలుగా ఉంచి చేసింది. ఎముకల కొలత వదల్లేదు.

సిద్దిపేట_చింతచెట్టు
సరే, గీ మాట ఒప్పుకుంట. ఎముక ఉండాలె, నీడ తక్కువైనా నడుస్తది.

ఊదారంగు_కిటికీ
నగల గురించి జాగ్రత్త. పుస్తెలు, నల్లపూసలు, మట్టెలు, బొట్టు: వీటిల్లో ఏది పెట్టినా చూసేవాళ్లు ముందు "ఎవరి భార్య" అని చదువుతారు. ఏదీ పెట్టకపోతే ఇంకో కథ చదువుతారు. ఆవిడ ఏం పెట్టుకుని వచ్చిందో అదే వేయండి. కంపోజిషన్ కోసం ఎర్ర చుక్క కావాలని బొట్టు పెద్దది చేయొద్దు. పుస్తెలతాడు పని చేసేటప్పుడు జాకెట్టు లోపలికి తోసేస్తారు, మెడ పక్కన పసుపు తాడు అంగుళం మేర మాత్రమే కనిపిస్తుంది. ఆ అంగుళం చాలు.

మన బజారు బొమ్మల్లో ఆడవాళ్లంతా తెల్లగా, నగలతో, ఒకే వయసులో ఉండటం 1894లో రవివర్మ అచ్చు ప్రెస్సు మొదలైనప్పటి నుంచి కంటికి అలవాటైంది. చెయ్యి తనంతట తను అటే పోతుంది. మొహం వేసేటప్పుడు ప్రతి పావుగంటకీ అద్దంలో బొమ్మను తిరగేసి చూడండి. అలవాటుగా దిద్దిన చోట్లు వెంటనే బయటపడతాయి.

గంజిపెట్టిన_నూలు
ఆవిడ ఎంతసేపు కూర్చుంటోంది? ఆ కూర్పులో పావుగంటకే కాలు తిమ్మిరెక్కుతుంది.

అంబర్_అంచు
నలభై నిమిషాలు ఒక విడత. మధ్యలో ఐదు నిమిషాలు.

గంజిపెట్టిన_నూలు
చాలా ఎక్కువ. ఇరవై నిమిషాలు కూర్చుంటే ఐదు నిమిషాలు లేవాలి, రెండు గంటలకోసారి పెద్ద విరామం. యాభై దాటిన మోకాళ్లు అవి. నలభై నిమిషాలు దాటాక ఆవిడ కూర్చున్నది కాదు, ఓర్చుకుంటున్నది. మీరు వేసేది ఆ ఓర్పునే. నేల మీద సుద్దతో పాదాల చుట్టూ, కత్తిపీట చుట్టూ గీత గీస్తే మళ్లీ అదే చోట కూర్చోవచ్చు. డబ్బు గంట లెక్కన ముందే మాట్లాడుకోండి, విరామం కూడా లెక్కలోకే వస్తుంది. బొమ్మ ఎక్కడ పెడతారో, అమ్ముతారో లేదో ముందే చెప్పండి. ఫోటోలు తీసుకునే ముందు అడగండి, పని అయ్యాక ఏవి ఉంచుకుంటున్నారో చూపించండి.

బొగ్గుకట్టె
పోజ్ పెట్టించకండి. నిజంగా కోయమనండి. కాయ కత్తికి ఆనించి నెట్టి, ముక్క పడ్డాక చెయ్యి వెనక్కొస్తుంది. ఒకే కదలిక మళ్లీ మళ్లీ వస్తుంది కాబట్టి దాన్ని వేయొచ్చు. మొదటి సిట్టింగు మొత్తం బొగ్గుతో అరనిమిషం, రెండు నిమిషాల బొమ్మలు ఇరవై ముప్పై గీయండి. మొహం వద్దు. వెన్నెముక గీత, తుంటి వాలు, భుజం వాలు, తల బరువు, అంతే. వాటిలోంచి ముక్క తెగే క్షణాన్ని ఎంచుకోండి. అప్పుడు రెండు మోచేతులూ ఒంటికి దగ్గరగా ఉంటాయి, బొటనవేలు వంగి ఉంటుంది.

కొలతకి ఆవిడ తలనే వాడండి. నేల నుంచి నడినెత్తి దాకా నిటారుగా కూర్చుంటే సుమారు నాలుగు తలలు, ముందుకు వంగితే ఇంకా తగ్గుతుంది. మీ బొమ్మలో ఎంతుంది?

అంబర్_అంచు
కొలిచాను. నాలుగున్నర.

బొగ్గుకట్టె
అంటే నడుం సాగదీశారు. వంగిన వీపుకి మూడున్నర దగ్గర ఉండాలి.

లిన్‌సీడ్_సీసా
కోసిన వంకాయ ముక్కలు ఉప్పునీళ్లలో వేస్తారు కదా, ఆ స్టీలు గిన్నెను ఆవిడ ముందు ఉంచండి. కిటికీ వెలుగు నీళ్ల మీంచి ఎగిరి గడ్డం కిందికి, ముంజేతి అడుగుకి పోతుంది. మొహం దించినా నీడలో మునిగిపోదు. పై చెంప మీద చల్లటి వెలుగు, గడ్డం కింద చీర రంగు కలిసిన వెచ్చటి వెలుగు, రెండూ దొరుకుతాయి.

కుప్పపడవ
సముద్రం దగ్గర ఉండేవాళ్లకి ఒక మాట. వానాకాలంలో రంగు ఆరడానికి రోజులు పెరుగుతాయి. అంబర్ పొర తొందరగా ఆరుతుంది, అలిజరిన్, నలుపు చాలా నెమ్మది. నెమ్మదిగా ఆరేదాని మీద తొందరగా ఆరేది వేస్తే పగులుతుంది. మొదటి పొర ఉత్త టర్పెంటైన్‌తో, రెండోదానికి లిన్‌సీడ్ ఒకటికి టర్పెంటైన్ మూడు, ఆఖరుకి ఒకటికి ఒకటి. ఎప్పుడూ కింద కంటే పైన నూనె ఎక్కువ ఉండాలి. కాన్వాస్‌ను తడి గోడకి ఆనించొద్దు, వెనక గాలి ఆడాలి, లేకపోతే బూజు పడుతుంది. ఆఖరి వార్నిష్‌కి ఆర్నెల్లయినా ఆగండి.

అంబర్_అంచు
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. చేసినవి: ముక్కాలిపీట మీదికి మారాను, పదడుగుల దూరం. కొత్త బొగ్గు బొమ్మలు ఇరవై ఆరు. వెనక గోడ రా అంబర్‌తో నిండింది, తెలుపు ఎక్కడా లేదు. మొహం పూర్తిగా గీకేశాను, కొత్తది మూడు టోన్లతో, రెప్పలు దించి. కూర్చున్న ఎత్తు మూడున్నర తలలకి దించాను. కొంగు నడుంలోకి పోయింది. వీపు మడత వేశాను, ఇప్పటికి బొమ్మలో నాకు బాగా నచ్చిన చోటు అదే. ఆవిడ చూసి "ఇది మా అమ్మలా ఉంది" అంది.

రెండు ఇబ్బందులు మిగిలాయి. పాత తల ఉన్న చోట మందంగా ఆరిన రంగు గట్లు కొత్త గోడ కిందనుంచి కనిపిస్తున్నాయి, పక్కవెలుగులో మరీ తెలుస్తున్నాయి. చెక్క తొక్కిన పాదం ఇంకా గాల్లోనే ఉంది.

లిన్‌సీడ్_సీసా
గట్లకి: రంగు గట్టిగా ఆరిందని నమ్మకమైతే 320 నంబరు నీటి గరుకు కాగితంతో తడిపి మెల్లగా రుద్దండి. నీళ్లకి బదులు కొంచెం లిన్‌సీడ్ అయినా ఫర్వాలేదు. పొడిగా రుద్దొద్దు, కాడ్మియం దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. వెనక నుంచి కాన్వాస్‌కి అట్ట ఆసరా పెట్టండి, లేకపోతే చెక్క ఫ్రేము గీత ముందుకి అచ్చు పడుతుంది. తర్వాత పల్చగా నూనె పట్టించి గోడ మళ్లీ వేయండి.

ఊదారంగు_కిటికీ
నేనైతే కొంచెం ఉంచుతాను. ఆ తల అంతకుముందు ఎక్కడుందో గోడలో లీలగా తెలియడం నాకు తప్పుగా అనిపించదు.

గోడమీది_బల్లి
ఈసారి ఊదారంగు వైపు నేను.

నీలాటిరేవు
పాదానికి: ముందు చెక్కను సరిచూడండి. చెక్క దూరపు అంచు, దగ్గరి అంచు రెండూ నేల వాలుకి సరిపోకపోతే పాదం ఎంత బాగా వేసినా ఆనదు. సరిగ్గా ఉంటే, బొటనవేలి కింద, మడిమ కింద సియెన్నా-అల్ట్రామెరైన్ చిక్కగా, ఒక్క గీతలో, సన్న కుంచెతో. పాదం మధ్య గుంట కింద ఆ గీత తెగిపోవాలి, అక్కడ చెక్క వెలుగు కొంచెం కనపడాలి. వేళ్ల గోళ్లు నొక్కుడికి కొనల్లో తెల్లబడి, మొదట్లో ఎర్రబడతాయి. బొటనవేలు మిగతావాటికి దూరంగా విడిపోయి ఉందా?

అంబర్_అంచు
లేదు, ఐదు వేళ్లూ చెప్పులో ఉన్నట్టు దగ్గరగా వేశాను. రేపు పొద్దున ఆవిడ వస్తుంది, పాదం ఒక్కటే వేస్తాను.